మూడో రాజు కూర్చోని సింహాసనం

నేను ఒక సింహాసనాన్ని. గొప్పలు పోతున్నానని అనుకోకండి. నాలో ఉన్నది మామిడి చెక్క, పైన అంటించింది బంగారు రంగు కాగితం. తెనాలిలో నన్ను చేసిన వడ్రంగి సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు, నా చేతుల మీద ఉన్నవి రెండు పిల్లుల్లాగే కనిపిస్తాయి. అయినా ఇరవై ఏళ్లు పద్యనాటకాల్లో రాజులను మోశాను.

ఎక్కువగా వెళ్లింది ఒకే నాటకానికి. పాత కథ. ఇచ్చిన మాట కోసం రాజు అడవికి పోతాడు, రాణి పన్నెండేళ్లు ఎదురుచూస్తుంది, చివర్లో రాజు తిరిగొచ్చి నా మీద కూర్చుంటే హారతి పడుతుంది. పద్యాలు మరీ ఎక్కువ కాబట్టి ఒక్క రాజు వేషాన్నే ముగ్గురు పంచుకునేవారు. అడవికి బయల్దేరిన రాజు బక్కపలచన, తిరిగొచ్చిన మూడో రాజుకు బొజ్జ. కందమూలాలు తింటే బొజ్జ ఎలా వచ్చిందని ఏ ఊళ్లోనూ ఎవరూ అడగలేదు. రాణి మాత్రం ఒక్కతే, రామతిలకం. ముగ్గురి పక్కనా ఆమే నిలబడేది.

ఒకరోజు మేకప్ గదిలో మూడో రాజు బసవపున్నయ్యను అడిగింది. "పంపింది ఒకణ్ణి, వచ్చింది ఇంకొకడు. ఎవరు నువ్వని అడగని రాణి ఏం రాణి, బాబాయ్?"

"వేషమమ్మా. అడక్కూడదు," అన్నాడాయన మీసం అతికించుకుంటూ.

ఆమె ఆ మాటను వదల్లేదు. అదే కథను రాణి నోట కొత్త నాటకంగా రాసింది. అందులో రాజు ఇక రాడు. నేను మొదటి నుంచి చివరి దాకా ఖాళీ. రాణి నా పక్కన నిలబడే రాజ్యం ఏలుతుంది, నాతోనే మాట్లాడుతుంది, నాతోనే పోట్లాడుతుంది. చివరికి ఆమైనా కూర్చుంటుందేమోనని రిహార్సల్స్‌లో ఆశపడ్డాను. కూర్చోలేదు. ముఖ్యమైన పాత్ర దక్కినందుకు సంతోషించాల్సిందే, కానీ మనిషి బరువు ఎరిగిన కుర్చీకి ఖాళీగా ఉండటం చాలా కష్టం.

ఏ నాటక సమాజమూ దాన్ని వేయనివ్వలేదు. చివరికి ఒక పరిషత్తు వాళ్లు ఒక సాయంత్రం ఇచ్చారు. నాటకం మధ్యలో జనం లేచి వెళ్లిపోతే ఇక ముఖానికి రంగు వేసుకోనని రామతిలకం అందరితోనూ చెప్పేసింది.

అరగంట గడిచేసరికి గుసగుసలు మొదలయ్యాయి. పరిషత్తు కార్యదర్శి శేషగిరి కంగారుపడ్డాడు. ఆయన స్క్రిప్టు చదవలేదు. సింహాసనం ఖాళీగా ఉందంటే రాజు వేషగాడికి బస్సు తప్పిపోయిందనే మా వైపు లెక్క. వేషాలు మానేసిన బసవపున్నయ్య అప్పుడే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. శేషగిరి ఆయన్ని పక్కకు లాక్కెళ్లి, ముఖ్య అతిథి కోసం తెచ్చిన శాలువా కప్పి, "పరువు కాపాడండి" అంటూ స్టేజీ మీదికి తోశాడు.

ఈలలు, చప్పట్లు. బసవపున్నయ్య వచ్చి నా పిల్లి తల మీద చెయ్యి వేశాడు. దాచుకోవడం ఎందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. నాటకం ఏమైపోతేనేం, ఆయన కూర్చుంటే చాలనిపించింది. ఆయన గొంతు సవరించుకుని రాగం అందుకోబోయాడు.

"ఎవరు మీరు?" అంది రామతిలకం.

ఇరవై ఏళ్లలో ఆయనకు ఆ ప్రశ్న ఎదురు కాలేదు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు.

"మూడోవాణ్ణమ్మా," అన్నాడు మెల్లగా. "మొదటివాడు రాలేదనుకుని వచ్చాను."

"ఆయన రాడు. నాకు తెలుసు. మీరు వెళ్లండి."

ఆయన చెయ్యి తీసేసి, మెట్లు దిగి వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఆ తర్వాత హాల్లో ఎవరూ కదల్లేదు. చివరి మాట దాకా ఒక్కరూ లేవలేదు.

తెర పడ్డాక ఆయన శాలువా మడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. రామతిలకం కళ్లు తుడుచుకుని, "నాటకం అయిపోయిందిగా బాబాయ్, కాసేపు కూర్చోండి. మోకాళ్ల నొప్పులు కదా," అంది.



"వద్దమ్మా. ఇప్పుడిక ఇందులో ఎవరు కూర్చున్నా బాగుండదు," అని పక్కనున్న ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

నన్ను అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీ వాళ్లు నన్నిక ఆమెకే వదిలేశారు. నాటకం ఊరూరా ఆడుతోంది. మిగతా రోజుల్లో ఆమె ముందు గదిలో ఉంటాను. వచ్చినవాళ్లు నన్ను వింతగా చూసి, స్టూలు లాక్కుని కూర్చుంటారు. ఆమె రోజూ దుమ్ము దులిపి, నా మీది దిండు తట్టి సరిచేస్తుంది. మొన్న అలా తడుతున్నప్పుడు గమనించాను. దూది పొంగి, ఇన్నేళ్లూ మూడో రాజు కూర్చున్నచోట పడిన గుంట పూడిపోయింది.