తెల్ల రుమాలు మీద రాగి చుక్కలు

దనావ్ ఊళ్ళో లైసెన్సున్న తుపాకుల కర్మాగారంలో సతుర్నినో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాడు. కూతురు రుఫీనా పోటీ పిస్తోలుకు గొట్టం చివర మూడు జతల రంధ్రాలు తనే వేశాడు. పేలుడు గాలి వాటిలోంచి పైకీ పక్కలకీ చిమ్మితే గొట్టం మూతి ఎగరదు, రెండో దెబ్బ వెంటనే కొట్టొచ్చు. ఆ ఆదివారం పొద్దున చర్చిలో, బాల యేసు ముందు మోకరిల్లి, ఒక్కటే అడిగాడు: నా పిస్తోలు గెలవాలి.

మధ్యాహ్నానికి క్లబ్బు షూటింగ్ పోటీలో రుఫీనా అందరికంటే ముందుంది. ఒక్క రౌండే మిగిలింది. అయితే టైమరు మొరాయించినందుకు మూడో రౌండు రెండుసార్లు కాల్చవలసి వచ్చి, ఆమె తూటాలు తరిగిపోయాయి. చివరి రౌండుకు పదహారు కావాలి, చేతిలో తొమ్మిదే ఉన్నాయి.

క్లబ్బు పెద్ద తెమ్యో ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇవిగో నోంగ్ సతుర్," అన్నాడు, పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే ఆ ఊరి మాటతో. "సైజు అదే. ఇంత దూరం వచ్చి ఆగిపోతారా ఏంటి?"

సతుర్నినో ఒకటి తీసి చూశాడు. సీసం మీద పలచటి రాగి పూత. కొంచెం తటపటాయించాడు. "ఏడే కదా ఇందాయ్," అన్నాడు కూతుర్ని ముద్దుగా పిలుస్తూ. "ఏమవుతుందిలే."

"నాన్నా, గుడ్డ పరీక్ష నేర్పింది ఎవరు?"

"నేనే."

"మరి రుమాలు తియ్యి."

తెమ్యో పకపకా నవ్వాడు. "పెళ్ళికూతురికి ముసుగు వేస్తున్నారా?"

పోటీ అధికారి బసిలియో అనుమతితో, పరీక్షలకని విడిగా ఉంచిన చోట, గొట్టం పక్కన మూరెడు దూరంలో కర్రకు తెల్ల రుమాలు కట్టారు. రుఫీనా ఆ పెట్టెలోని తూటాలు రెండు కాల్చింది. రుమాలు నిండా నల్ల మసి, అందులో మెరిసే రాగి చుక్కలు. ఒకచోట గుడ్డ చిల్లు పడింది. రంధ్రాల అంచులు పూతను గీరి, సీసంతో సహా పక్కకి విసిరేశాయి.

ఆ చిల్లు సరిగ్గా, కాల్చేవాళ్ళ పక్కనే టైమరు పట్టుకుని నిలబడే బసిలియో చెవి ఎత్తులో ఉంది.

సతుర్నినో ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు. పొద్దున ప్రార్థనలో పిస్తోలు ఉంది, గెలుపు ఉంది. ఈ మనిషి ఎందుకు లేడు?

"పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి, నోంగ్ తెమ్యో," అంది రుఫీనా. "మందపాటి రాగి తొడుగున్నవి నావి తొమ్మిదున్నాయి. వాటితోనే కాలుస్తాను."

లక్ష్యాలు ఎనిమిది, ఒక్కోదానికి రెండు దెబ్బలు పడాలి. ఆమె మొదటి ఏడింటికీ ఒక్కొక్కటి, చివరిదానికి రెండు కొట్టింది. తొమ్మిదీ నట్టనడిమినే తగిలాయి. కొట్టని ఏడూ తప్పుల కింద లెక్కకొచ్చి, ఆమె నాలుగో స్థానానికి దిగింది.

"పాపం నోంగ్, బహుమతి చేతిదాకా వచ్చి జారిపోయింది," అన్నాడు ఒకాయన.

"జారలేదయ్యా, మా అమ్మాయే వదిలేసింది," అన్నాడు సతుర్నినో, అందరికీ వినబడేలా.

రుమాలు మడిచి జేబులో పెట్టుకోబోతుంటే భుజం మీద చెయ్యి పడింది. తెమ్యో. చంకలో ఆ పెట్టె, మరో చేతిలో తన పిస్తోలు సంచి. వెనకాల తమ తమ పిస్తోలు సంచులతో ఇంకో ఐదారుగురు.

"మడవకు నోంగ్," అన్నాడు తెమ్యో నేల చూపులు చూస్తూ. "నా గొట్టానికీ రంధ్రాలున్నాయి."