జానెడు అతుకు

నేను ఒక నడుంకట్టుని. కాన్పయిన మనిషి పొట్ట చుట్టూ బిగించి కట్టే పాత నూలుగుడ్డని. మీ ఇంట్లోనూ నాలాంటిదొకటి ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉండే ఉంటుంది, వెతికి చూసుకోండి. గుడ్డ అన్నందుకు నాకేం చిన్నతనం లేదు గానీ, పుట్టడం మాత్రం చీరగానే పుట్టాను. చీరాలలో గుంటమగ్గం మీద నేశారు నన్ను. మీగడ రంగు ఒళ్ళు, వక్క రంగు అంచు. తిరపతమ్మ నన్ను కట్టుకుని ఏడెనిమిదేళ్ళు నాట్లకీ కోతలకీ వెళ్ళింది. చెమటకి తడిసి, ఎండకి ఎండి, చాకిరేవు బండ మీద దెబ్బలు తిని తిని మెత్తబడ్డాను. నేతగుడ్డకి అసలు పని పడేది అలా మెత్తబడ్డాకే.

తిరపతమ్మకి కూతురు పుట్టినప్పుడు వాళ్ళ అత్త నన్ను నిలువునా రెండుగా చింపింది. ఒక సగం ఉయ్యాలకి పోయింది. రెండో సగాన్ని నేను. అప్పట్నుంచి తోడికోడళ్ళకీ, ఆడపడుచుకీ, వాళ్ళ పిన్ని కూతుళ్ళకీ, ఇరుగుపొరుగుకీ నన్ను అరువిచ్చారు. పదమూడు కాన్పులు చూశాను. ఎవరి పొట్ట ఎన్నాళ్ళకి లోపలికి పోయిందో నన్నడగండి చెబుతాను. ఎవరిదీ వాళ్ళు చెప్పుకున్నంత తొందరగా పోలేదు.

పద్నాలుగోది భూలక్ష్మి కాన్పు. ఆ ఉయ్యాలలో పడుకున్న పిల్లే. ఇప్పుడు ముప్పయ్యేళ్ళ మనిషి, ఆర్టీసీ బస్సులో కండక్టరు. ఆడపిల్లని కన్నది. ఆరు నెలల సెలవు ఇచ్చారు. పురుడు పోసిన మర్నాడు తిరపతమ్మ కూతురికి వేడినీళ్ళు కుమ్మరించి, సాంబ్రాణి పొగ పట్టి, నన్ను తీసుకొచ్చింది. ఎడమ పక్కన మొదలుపెట్టి నాలుగు చుట్లు తిప్పింది. ఆఖరి చుట్టులో నా కొస బొడ్డు దాకా రావాలి, అదీ లెక్క. రాలేదు. రెండు జానలు తక్కువ పడింది.

"సెలవైపోయేసరికి ఆ కోటు పట్టాలమ్మా నాకు" అంది భూలక్ష్మి.

చీర మీద వేసుకునే ఖాకీ కోటు అది, గోడకి మేకుకి వేలాడుతూ ఉంటుంది. అల్లుడు కొత్తది కుట్టిద్దామన్నాడు. భూలక్ష్మి ఒప్పుకోలేదు. "నిండిన బస్సులో ఈ చివర్నించి ఆ చివరికి పోవాలయ్యా నేను. జరగండమ్మా, జరగండమ్మా అంటా. నేనే అడ్డమైతే ఎవర్ని జరగమంటాను?" అంది. కోటు సంగతి కాదది. ఆ సందులోంచి మళ్ళీ మునుపటిలా దూరిపోగలనా లేదా అన్నదే భూలక్ష్మి బెంగ.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. పిల్ల నిద్రపోగానే కాలవ గట్టున నడిచి వచ్చేది. ఫోనులో ఒకావిడ కాళ్ళెత్తమంటే ఎత్తేది, దించమంటే దించేది. ఆ ఫోనులో ఆవిడకి పిల్లలున్నట్టు లేదు. నా కొస జానెడు ముందుకొచ్చింది. అక్కడ ఆగిపోయింది. మూడో నెలంతా నడిచినా వేలెడు కదల్లేదు. ఇటు చూస్తే తల్లి వెల్లుల్లి కారం వేసి, ముద్ద ముద్దకీ నెయ్యి పోసి అన్నం పెట్టేది. తిన్నాక అదే చేత్తో నన్ను పట్టుకుని బిర్రుగా లాగి కట్టేది. మనుషుల పనులు నాకు ఇప్పటికీ బోధపడవు.

విసుగెత్తి భూలక్ష్మి రాత్రన్నం మానేసింది. నాలుగో రోజుకి పాలు తగ్గాయి. పిల్ల గుక్క పట్టి ఏడ్చింది. "నీ పొట్ట తగ్గడానికి పిల్ల పొట్ట మాడుస్తావంటే?" అని తిరపతమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. కూతురు తినేసింది.

ఆ వారంలోనే కాలవ గట్టు మీద ఎదురింటి అచ్చమ్మ కనిపించింది. "ఏమే భూలక్ష్మీ, నడుస్తున్నావంట గదా, మంచిదే. లోపల ఇంకోటేమన్నా ఉండిపోయిందేమో చూపించుకోరాదంటే" అని నవ్వుకుంటూ పోయింది. అచ్చమ్మకి ముగ్గురు పిల్లలు. మూడుసార్లూ ఆవిడకి కట్టింది నన్నే, ఆవిడ సంగతి నేను చెప్పకూడదు. భూలక్ష్మి ఇంటికొచ్చి మంచమెక్కింది. మర్నాడు నడకకి లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. పిల్లకి పాలివ్వడం, గోడ వంక తిరిగి పడుకోవడం. నన్ను కట్టబోతే "ఎందుకులేమ్మా" అనేది.

అలా పదిరోజులు చూసింది తిరపతమ్మ. ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి, ఉయ్యాలకి పోయిన నా అవతలి సగాన్ని బయటికి తీసింది. అందులోంచి జానెడు ముక్క కత్తిరించి నా మొదట్లో వేసి కుట్టింది. నాట్లు వేసిన చెయ్యి అది, సూది పట్టడం తెలీదు. కుట్టు పాము పోయినట్టు వంకర్లు పోయింది. అయినా నా మొదలు ఎప్పుడూ చుట్ల కిందే దాక్కుంటుంది, పైకి కనపడేది కొసే గదా. ఉతికేదీ కట్టేదీ తనే. మొదటిరోజు అతుకంతా లోపలికి మడిచి కట్టింది. తర్వాత నాలుగు రోజులకో వేలెడు చొప్పున మడత వదులుతూ వచ్చింది.

"ఇదిగో, చూడవే, వచ్చింది" అంది.

కూతురు తల వంచి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. మర్నాడు తెల్లారకముందే చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడైంది.

రెండు నెలలకి పైగా నడిచింది. తిరపతమ్మకి చివరకి లెక్క తప్పింది. ఏది తను వదిలిన మడతో, ఏది కూతురి ఒళ్ళు వదిలిందో తెలియకుండా పోయింది. ఒకరోజు నా కొస బొడ్డు దాటింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అబద్ధం నా మెడకే గదా కట్టింది.

డ్యూటీలో చేరడానికి ఒక్కరోజు ముందు భూలక్ష్మి కోటు దింపి తొడుక్కుంది. పై గుండీ పట్టింది, కింద గుండీ పట్టింది. నడిమి గుండీ మాత్రం పట్టలేదు. ఊపిరి బిగబట్టి లాగింది, పట్టలేదు.

"కట్టు చూస్తే తగ్గానంటంది. కోటు కాదంటందేంటమ్మా?"

కూతురు నన్ను చుట్టు చుట్టూ విప్పుకుంటూ మొదటి దాకా వచ్చి కుట్టు చూసింది. దాన్ని వేలితో తడిమింది.

"నువ్వేనా?"

"నేనే."

"నన్ను వెర్రిదాన్ని చేశావు గదా."

"ఏం చెయ్యమంటావే. గోడకి తిరిగి పడుకున్నావు. నాకు చదువొచ్చా, ఫోనులో ఆవిడలాగా చెప్పటం వచ్చా? నాకు చేతనైంది చేశాను."

భూలక్ష్మి బ్లేడు తెచ్చి కుట్లు తెంపింది. జానెడు ముక్క కింద పడింది. చేతులు రెండూ పైకెత్తి నిలబడి "ఇప్పుడు కట్టు" అంది.

తిరపతమ్మ నన్ను అందుకుంది. ఎడమ పక్కన పెట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా వయసులో దేవుణ్ణి ఏమీ కోరకూడదు గానీ, ఆ నాలుగో చుట్టులో కోరుకున్నాను. నా కొస మూడో నెలలో ఆగిపోయిన చోటు దాటింది. మూడు వేళ్ళ మేర. బొడ్డు ఇంకా దూరంగానే ఉంది.

"ఇన్నాళ్ళు తిరిగితే ఇంతేనా?" అంది కూతురు.

"ఇంతే. ఇందులో నాది లేదు, అంతా నీదే" అంది తల్లి.

భూలక్ష్మి మంచం మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మూడు వేళ్ళు పెట్టి ఆ మేర కొలుచుకుంది. మళ్ళీ కొలుచుకుంది. పిల్ల లేస్తే తీసుకుని పాలకి పట్టింది.

మర్నాడు నడిమి గుండీ వదిలేసి, కోటు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళింది. అల్లుడు బండి తీస్తే "పిల్లని చూసుకో, డిపో దాకా నడిచే పోతా" అంది. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. బస్సు నిండా జనమేనట. చాలాసార్లు ఇరుక్కుందట. జరగమంటే జరిగారట.

"కట్టనా?" అంది తిరపతమ్మ నన్ను పట్టుకుని.

"కట్టు. మరీ లాగమాక, ఊపిరాడనియ్యి."

కట్టింది. భూలక్ష్మి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. తల్లి అక్కడే కూర్చుని ఆ పాదాలు ఒత్తుతూ ఉండిపోయింది. ఆవేళ నా కొస ఎంతదాకా వచ్చిందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.