ఎనిమిదో వంతు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాల ఆసుపత్రిలో కాంపౌండరు దేవదానం చెప్పిన మాటే కమలాక్షమ్మ చెవిలో గింగురుమంటోంది.

"చిన్నబిడ్డల మందు లేదమ్మా. పెద్దోళ్ళ మాత్రే ఉండేది. నూరి, ఎనిమిది వంతులు చేసి, పూటకొక వంతు తేనెలో నాకించు. ఎక్కువైతే మాత్రం ప్రమాదం."

ఆ చివరి మాట అనకపోయినా బాగుండేది.

ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికొచ్చి, మాత్ర నూరి, కాగితం మీద ఎనిమిది కుప్పలు పెట్టింది. ఒకటి పెద్దదిగా కనిపించింది. కలిపేసి మళ్ళీ పెట్టింది. ఈసారి రెండు పెద్దవి. ఎక్కువైతే బిడ్డ దక్కదు, తక్కువైతే జ్వరం వదలదు. తొమ్మిది నెలల మహాలక్ష్మి ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పొడి పొట్లం కట్టి, తేనెసీసా పట్టుకుని, బిడ్డను భుజానేసుకుని కంసాలి వీరబ్రహ్మం అంగడికి పరుగెత్తింది.

"ఏందమ్మా, ముక్కుపుడకా?"

"మందన్నా. ఎనిమిది వంతులు సమంగా తూచియ్యి. నీ త్రాసు అబద్ధమాడదంట గదా."

"అది ఆడదులే. ఆడితే నేనే ఆడాల," అంటూ ఆయన పళ్ళెంలో బంగారం తూకానికి వేసిన గురిగింజలు పక్కకు ఒంపాడు. "అటు సగం, ఇటు సగం. అట్ల మూడుసార్లు పంచితే సరి."

ఎర్రటి గింజలు చూసి ఆమె పొట్లం వెనక్కి లాక్కుంది. "అన్నా! అవి విషపు గింజలు గదా!"

వీరబ్రహ్మం పళ్ళెం తుడిచి, దాన్ని నాలుకతో ఒకసారి నాకాడు. "చూడు, చచ్చినానా?"

"ఇంకొంచెం సేపు చూద్దామన్నా."

ఆయన పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన దగ్గితే ఉలిక్కిపడింది. అంతలో బిడ్డ ఏడుపు ఆగిపోయింది. తల భుజం మీద వాలిపోయింది.

"అన్నా, తూచు, బేగా తూచు!"

ముల్లు నిలిచిన ప్రతిసారీ ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన ఎనిమిది పొట్లాలు కట్టిచ్చాడు. ఒకటి విప్పితే గోటి మీద నిలిచేంత పొడి. తేనెలో రంగరించి బిడ్డ నాలుకకు రాసింది. మహాలక్ష్మి మొహం చిట్లించి, ఒక గుటక వేసి, మిగతాది తల్లి పైట మీద ఉమ్మేసింది.

"ఎంత పోయిందన్నా లోపలికి?"

వీరబ్రహ్మం త్రాసు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "దానికి తూకం లేదమ్మా."

పైట తడిని కమలాక్షమ్మ నాలుకతో తాకింది. చేదు. ఇంకో పొట్లం విప్పబోయి, దేవదానం మాట గుర్తొచ్చి మళ్ళీ మడిచింది. అంగడి అరుగు మీదే కూలబడి, బిడ్డ రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, ఎగిరెగిరి పడుతున్న ఊపిరిని లెక్కపెట్టసాగింది. సాయంత్రం మందు పూటకు ఇంకా చాలా పొద్దుంది.