ఒత్తిగిలించే పద్ధతి

ముప్పై మూడేళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి రిటైరైన మర్నాడే పెద్దసిస్టరు రెండు దిస్తాల తెల్లకాగితాలు కొనుక్కొచ్చింది. ఆమెను ఆసుపత్రిలో అందరూ పెద్దసిస్టరనే పిలిచేవారు. వినీ వినీ, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆమె భర్తకు కూడా ఆ పిలుపే అలవాటైపోయింది.

మంచాన పడ్డవాళ్లను ఇంట్లో చూసుకునేవారి కోసం ఒక పుస్తకం రాయాలని ఆమె కోరిక. రోగిని డిశ్చార్జి చేసి పంపేటప్పుడు కూతుళ్లు, కొడుకులు, మొగుళ్లు వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయి, "సిస్టర్, ఇంటికెళ్లాక మేమెలా చెయ్యాలి?" అని దిక్కులు చూసేవారు. దొరికిన ఐదు నిమిషాల్లో ఆమె చెప్పగలిగినంత చెప్పేది. నెల తిరక్కుండా వాళ్లలో కొందరు వీపు మీద పుండ్లు పడ్డ రోగిని మోసుకుని మళ్లీ వచ్చేవారు. ఆ ఐదు నిమిషాలు చాల్లేదన్న బాధ ఆమెను లోలోపల తొలిచేది.

పదకొండు నెలల్లో నాలుగువందల పన్నెండు పేజీలయ్యాయి. కోడలు ఓపిగ్గా అంతా కంప్యూటర్లో కొట్టిపెట్టింది. భర్త ఆ కట్టను చేత్తో తూచి, "దీన్ని తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేదు" అన్నాడు. ఇద్దరు ప్రచురణకర్తలకు పంపితే ఇద్దరూ తిప్పిపంపారు. ఎందుకు వద్దో ఒక్కరూ చెప్పలేదు.

అప్పుడు కోడలే పేపర్లో చిన్న ప్రకటన చూసింది. ఏళ్ల తరబడి ఏదో ఒక పని చేసి, ఆ పని గురించి పుస్తకం రాయాలనుకునేవాళ్లకు ఒక ఎడిటరమ్మ దగ్గరుండి నేర్పుతుందట. "వెళ్లొద్దాం అత్తయ్యా, పోయేదేముంది?" అంది.

ఎడిటరమ్మ గది సైకిలు షాపు పైన. కింద ఆమె తమ్ముడు సైకిళ్లు బాగుచేస్తాడు, పైన ఆమె పుస్తకాలు బాగుచేస్తుంది. వారం రోజుల్లో మొత్తం చదివి, అత్తాకోడళ్లిద్దరినీ పిలిపించింది. కాగితాలన్నీ పెన్సిలు గీతలే.

"ఇది ఎవరి కోసం రాశారండీ?"

"ఇంట్లో రోగుల్ని చూసుకునేవాళ్ల కోసం."

"మరి మొదటి అరవై పేజీలూ నర్సింగు చరిత్ర ఎందుకు? వాళ్లకి అంత తీరికుంటుందా?"

"పుస్తకమన్నాక కాస్త గంభీరంగా ఉండాలి కదండీ" అని నసిగింది పెద్దసిస్టరు.

ఎడిటరమ్మ కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది. "'రోగి యొక్క దేహమును పార్శ్వస్థితికి పరివర్తన గావించునపుడు మిక్కిలి జాగరూకత వహింపవలెను.' మీరెప్పుడైనా వార్డులో ఇలా మాట్లాడారా?"

"మాట్లాడితే నన్నే మంచమెక్కించేవాళ్లు" అంది పెద్దసిస్టరు. కోడలు కిసుక్కున నవ్వింది.

ఎడిటరమ్మ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి కిందికి తొంగిచూసి తమ్ముడిని కేకేసింది. అతను చేతులు కడుక్కుని పైకొచ్చేసరికి ఆమె గోడవారనున్న మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది.

"నాకు పక్షవాతం వచ్చిందనుకో. ఆవిడ రాసింది చదువుతూ నన్ను పక్కకి తిప్పు. సిస్టరుగారూ, మీరు మాత్రం నోరు విప్పకూడదు."

తమ్ముడు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "అక్కా, పార్శ్వస్థితి అంటే ఏంటే?"

"పక్షవాతం వచ్చినవాళ్లని అడగరు. చదువుకో."

పాపం అతను చదివాడు, తల గోక్కున్నాడు, మళ్లీ చదివాడు. చివరికి అక్క వీపు కింద రెండు చేతులూ పెట్టి, మొరాయించిన సైకిలును నెట్టినట్టు ఒక్క నెట్టు నెట్టాడు. ఆమె చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. ముఖం దబ్బున గోడకు కొట్టుకోబోతుంటే పెద్దసిస్టరు ఒక్క అంగలో వెళ్లి భుజం పట్టేసింది.

"ముందు చెయ్యి తియ్యాలయ్యా! చెయ్యి గుండెల మీద పెట్టి, మోకాలు మడిచి, అప్పుడు మీవైపు లాక్కోవాలి. అవతలికి నెడతారా ఎవరైనా?"

"ఆ మాట ఏ పేజీలో ఉందండీ?" అని గోడలోకి మాట్లాడినట్టు అడిగింది ఎడిటరమ్మ.

ఏ పేజీలోనూ లేదు. నాలుగువందల పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

పెద్దసిస్టరు కాగితాలు సంచిలో కుక్కుకుని ఇంటికొచ్చేసింది. అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయింది. "ముప్పై మూడేళ్లు చేసిన పని నాకు రాదని తేల్చేసింది మహాతల్లి" అంది చివరికి.

"నీకు రాదని ఎక్కడందీ? నువ్వు రాసింది చూసి చెయ్యడం కుదరట్లేదంది" అన్నాడు భర్త. "నన్నే చూడు. ఘాటు రోడ్డు మీద కళ్లు మూసుకుని గేరు మార్చేవాణ్ణి. ఎప్పుడు మారుస్తానో చెప్పమంటే నీళ్లు నమిలేవాణ్ణి. చేతికి తెలుసు, నోటికి తెలీదు."

ఆమె కంచం పక్కకు నెట్టింది. గబగబా చెయ్యి కడుక్కుని, "లేవండి. వెళ్లి మంచం మీద పడుకోండి" అంది.

ఆ మధ్యాహ్నం అతన్ని ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. తన చేతులు ఏం చేస్తున్నాయో తనే కొత్తగా చూస్తున్నట్టు, ఒక్కో కదలికా ఆపి ఆపి పైకి చెప్పింది. మంచానికి ఏ వైపు నిలబడాలి, ఏ మోకాలు మడవాలి, రెండో చెయ్యి తుంటి మీద ఎక్కడ ఆనించాలి, వీపు వెనక దిండు ఎలా దోపాలి. కోడలు ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది.

"నన్నేమైనా పీపా అనుకున్నావా, ఇలా దొర్లిస్తున్నావు?" అని భర్త మూలిగాడు.

"రోగి మాట్లాడకూడదు" అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే.

ఆ రెండు పేజీలూ చదివి ఎడిటరమ్మ మొదటిసారి పెన్సిలు కింద పెట్టింది. "ఇదీ మీ గొంతు. ఇక మొదలుపెడదాం" అంది.

ఆపైన ఏడు నెలలు ఆమె పెద్దసిస్టరును ఊపిరి తీసుకోనివ్వలేదు. నర్సింగు చరిత్ర గాలికిపోయింది. రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఆ పని తెలియనివాళ్ల చేత చేయించి చూడాల్సిందే. వాళ్లు తడబడితే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది. సైకిలు షాపు తమ్ముడు గిన్నెలు పట్టాడు, దుప్పట్లు మార్చాడు, చెంచాతో నీళ్లు తాగించాడు. ఒత్తిగిలించే అధ్యాయం నాలుగోసారి రాసినప్పుడు అతను అక్కను ఎంత సుతారంగా తిప్పాడంటే, "అక్కా, నిద్రపోయావా ఏంటి?" అని అతనే కంగారుపడ్డాడు. పుస్తకం నూట డెబ్బై పేజీలకు దిగింది.

ఎడిటరమ్మ ఒక ప్రచురణకర్తకు ముందుగా ఒక ప్రతి పంపి, తర్వాత పెద్దసిస్టరును వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, "పుస్తకం బాగుంది. అట్ట మీద పేరున్న డాక్టరుగారి పేరు వేద్దాం. మీ పేరు లోపల, కృతజ్ఞతల్లో వేస్తాం. నర్సు రాసిందంటే ఎవరు కొంటారమ్మా?" అన్నాడు.

ఎడిటరమ్మ ఏదో అనబోయింది. పెద్దసిస్టరు ఆమె చెయ్యి నొక్కి తనే అందుకుంది.

"ఆ డాక్టరుగారు జీవితంలో ఎవర్నైనా ఒక్కసారి పక్కకి తిప్పారాండీ?"

ఆయన బల్ల మీది ప్రతిని అటూ ఇటూ సర్దాడు.

"తప్పులున్నాయేమో చూడమనండి, చేతులెత్తి దణ్ణం పెడతాను. అట్ట మీద మాత్రం చేసినవాళ్ల పేరే ఉండాలి." ఆమె కుర్చీలోంచి లేచి బయటికి నడిచింది.

తప్పులు చూడమన్న మాట ఆమె ఊరికే అనలేదు. తన పాత వార్డు డాక్టరమ్మకు ఒక ప్రతి ఇచ్చింది. ఆ డాక్టరమ్మ కొత్తగా చేరిన రోజుల్లో సూది గుచ్చడానికి నరం వెతకడం పెద్దసిస్టరు దగ్గరే నేర్చుకుంది. అక్షరం వదలకుండా చదివి, ఒక్కచోట ఆగింది.

"సిస్టర్, ఎర్రబడ్డ చోట మర్దనా చెయ్యమన్నారు. ఇప్పుడు అది చెయ్యకూడదంటున్నాం. రుద్దితే లోపల చర్మం ఇంకా దెబ్బతింటుంది."

పెద్దసిస్టరు ముఖం పాలిపోయింది. ఎన్ని వీపులు రుద్దిందో తను! పెన్ను తీసి ఆ వాక్యం తనే కొట్టేసింది. పక్కన ఇలా రాసింది: "నాకు ఒకప్పుడు రుద్దమనే నేర్పారు. రుద్దాను. అది తప్పని ఆలస్యంగా తెలిసింది. మీరు రుద్దకండి." పుస్తకం మొత్తంలో తను పెన్సిలు పెట్టలేనిది ఆ నాలుగు ముక్కలేనని ఎడిటరమ్మ తర్వాత అందరికీ చెప్పుకుంది.

మూడు వారాలకు ప్రచురణకర్తే ఫోన్ చేశాడు. గొంతు కాస్త తగ్గించి, "అమ్మా, మీరు పంపిన ప్రతి మా ఆవిడ తిరిగివ్వనంటోంది. వాళ్లమ్మగారి మంచం పక్కన పెట్టుకుంది. ఆ పెద్దావిడకి వీపు మీద పుండు మానుతోంది. అట్ట మీద మీ పేరే వేద్దాం. పెద్ద అక్షరాలతో" అన్నాడు.

పుస్తకం విడుదల ఆసుపత్రి మీటింగు హాల్లోనే జరిగింది. డ్యూటీలో ఉన్న నర్సులు వంతులవారీగా వచ్చి వెళ్లారు. వార్డుల్లోంచి రోగుల బంధువులు ఒక్కొక్కరే దిగొచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. డాక్టరమ్మ మాట్లాడుతూ, "నాకు పని నేర్పినావిడ పుస్తకానికి నేను ముందుమాట రాయడమేంటి, పాఠం అప్పజెప్పాను" అంటే హాలంతా చప్పట్లు మోగాయి.

పుస్తకం మీద సంతకం కోసం బారు తీరారు. ఆ బారులో ఒక ముసలాయన వంతు వచ్చింది. సంతకం సంగతి ఎత్తకుండానే, "అమ్మా, పడుకోబెట్టే తలంటడం ఏ పేజీలో ఉంది?" అన్నాడు.

"తొంభై నాలుగు" అంది ఆమె, పుస్తకం తెరవకుండానే.

ఆయన పేజీ తీసి, వేలు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. పెద్దసిస్టరుకు ఇక కుర్చీలో కాలు నిలవలేదు. అరగంట ఆగి, "ఇప్పుడే వస్తా" అని మెల్లగా పైకి వెళ్లి వార్డు గుమ్మంలో నిలబడింది.

ముసలాయన తన భార్యను మంచం అంచు దాకా జరిపి, ప్లాస్టిక్ షీటు అంచులు చుట్టి కాలవలా కింద బకెట్లోకి వదిలాడు. భార్య నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, చెంబుతో నీళ్లు సన్నగా పోస్తున్నాడు. ఆమె కళ్లు మూసుకుని హాయిగా ఉంది. పుస్తకం దిండు పక్కన తెరిచి ఉంది. ఆయన ఒక వాక్యం చదివేవాడు, ఒక పని చేసేవాడు. పెద్దసిస్టరు లోపలికి వెళ్లలేదు. అక్కడ ఆమెతో పనేం లేదు. పక్క మీద ఒక్క చుక్క పడలేదు.

ఆమె తిరిగి కిందికొచ్చేసరికి బారు గుమ్మం దాటి వరండాలోకి పాకింది. ఎడిటరమ్మ కంగారుగా ఎదురొచ్చి, "ఎక్కడికెళ్లిపోయారండీ? తెచ్చిన పుస్తకాలు చాలేట్టు లేవు!" అంది.

"చాలకపోతే ఇంకా వేయమనండి" అంది పెద్దసిస్టరు. కుర్చీలో దర్జాగా కూర్చుని, పెన్ను మూత తీసి, వరసలో ముందున్న ఆడమనిషి పుస్తకం మీద తన పేరును ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం కూడా పొట్టి చెయ్యకుండా రాసింది.