మధ్య కుర్చీ

చిటపటకి ఆ రోజు పొద్దుటి నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. అసలు పేరు వేరే ఉంది గానీ, ట్రైనింగ్ సెంటర్లో తోటివాళ్ళు సరదాకి పెట్టిన ఈ పేరే ఖాయమైపోయింది. ముక్కు మీద కోపం ఆమెకి. ఇలాంటి మనిషి చెడిన కుటుంబాలని బాగుచేసే చదువు చదవడమేమిటని వాళ్ళు ఆటపట్టిస్తే, అసలు కోపమే రానివాళ్ళకి కుటుంబాల జోలి ఎందుకని ఎదురు దులిపేసేది.

ఆ రోజు మంటకి కారణం ఒక తండ్రి. లిఫ్టుల మెకానిక్. ఆయన భార్య రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. ఇద్దరికీ ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఇంట్లో చిన్నీ అని పిలుస్తారు. కొన్నాళ్ళుగా ఆ పిల్ల ఉన్నట్టుండి కళ్ళు తేలేసి పడిపోతోంది. డాక్టర్లు తల నుంచి కాలి దాకా స్కానింగులు తీసి ఏ జబ్బూ లేదన్నారు. నటన మాత్రం కాదని కూడా అన్నారు. ఇక తండ్రి ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఊరికి దూరంగా ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టలొకటి ఉంది. సోమవారం పొద్దున బండి వస్తుంది, పిల్లని ఎక్కించేయడమే. భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, ఆఖరిసారి వీళ్ళ మాట కూడా విందామని వచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ, గోడ గడియారం మీంచి చూపు తిప్పితేనా!

సెంటర్లో ఆ గదికి ఒక గోడ మొత్తం అద్దమే. గదిలో ఉన్నవాళ్ళకి అందులో వాళ్ళ ముఖాలే కనిపిస్తాయి. అద్దం వెనక చీకటిగదిలో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఇవతల జరిగేదంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది. అక్కడ కూర్చునేది పెద్దమ్మ, ఆవిడ వెనక తక్కిన విద్యార్థులూ. పెద్దమ్మంటే వరసకి కాదు, వీళ్ళకి పాఠం చెప్పే ఆవిడ. చాటున అందరూ అలాగే అనుకుంటారు. గదిలో బల్ల మీద ఒక ఫోను ఉంటుంది. అది మోగిందంటే పెద్దమ్మ ఏదో చెప్పదల్చుకుందని అర్థం. వచ్చిన కుటుంబానికి ఇదంతా ముందే చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే మొదలుపెడతారు.

పెద్దమ్మ మొదటి రోజు నుంచీ చెప్పేది ఒకటే. ఇంట్లో ఒకరికి జబ్బొస్తే ఆ ఒక్కరినీ పట్టుకుని చూడకు, ఆ జబ్బు ఆ ఇంట్లో ఏం పని చేస్తోందో చూడు. తప్పెవరిదని వెతకడం మొదలుపెట్టావా, నువ్వూ ఆ గొడవలో ఒకదానివైపోతావు. ఎవరి పక్షమూ పట్టకు.

ఈ ఆఖరి మాట దగ్గరే చిటపటకి చిర్రెత్తుకొచ్చేది. ఎవరి పక్షమూ పట్టకూడదట! ఒక మనిషి కన్నకూతుర్ని బండెక్కించి పంపేస్తానంటుంటే తను తక్కెడ పట్టుకుని కూర్చోవాలట! క్లాసులో ఎవరి కుటుంబం బొమ్మ వాళ్ళు గీసి, ఎవరికి ఎవరితో ఎలా ఉంటుందో గీతలతో చూపినప్పుడు, పెద్దమ్మ ఆమె కాగితం మీద ఆమెకీ వాళ్ళ నాన్నకీ మధ్యనున్న గీత మీద వేలు పెట్టి, "తల్లీ, నీకు కాలు జారేది ఇక్కడే" అంది. ఇంట్లో ఎవర్ని ఏమడిగినా తనే జవాబు చెప్పే నాన్న ఆమెది. ఆ వేలు చూసి ఆ రోజు కూడా ఆమెకి కోపమే వచ్చింది.

పిల్ల మధ్య కుర్చీలో కూర్చుంది. ఒక పక్క తల్లి, ఒక పక్క తండ్రి. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. వస్తూనే వాళ్ళంతట వాళ్ళే అలా సర్దుకున్నారు.

"చిన్నీ, స్కూలు ఎలా ఉంది?" అని అడిగింది చిటపట.

"బానే చదువుతుందండీ," అన్నాడు తండ్రి.

"నిద్ర సరిగ్గా పడుతోందా?"

"శుభ్రంగా పడుకుంటుంది." ఇదీ ఆయనే.

చిటపట పళ్ళు బిగించి నవ్వింది. "నాన్నగారికి కాస్త విశ్రాంతి ఇద్దాం. చిన్నీ, నువ్వు చెప్పు. అమ్మకి కోపమొస్తే నాన్న ఏం చేస్తారు? నాన్న అలా చేస్తే అమ్మేం చేస్తుంది?"

"మా ఇంట్లో గొడవల్లేవండీ." పిల్ల నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసింది.

"గొడవ పడాలన్నా మాట్లాడుకోవాలి కదా," అంది తల్లి, ఒళ్ళో చేతుల వంక చూసుకుంటూ.

"ఏంటి నీ ఉద్దేశం?"

"ఏముంది, ఉన్నమాటే అన్నాను."

"పరాయివాళ్ళ ముందు అంటావా? పద ఇంటికి, చెప్తా..."

మాట పూర్తి కాలేదు. మధ్య కుర్చీలోంచి పిల్ల తడిగుడ్డలా జారిపోయింది.

ఆ తర్వాత చూడాలి ఆ మొగుడూ పెళ్ళాల్ని! ఆయన పిల్ల తల కింద చెయ్యి పెట్టాడు, ఆవిడ నీళ్ళసీసా మూత తీసింది. ఆయన అడక్కుండానే ఆవిడ రుమాలు అందించింది, ఆవిడ చెప్పకుండానే ఆయన జరిగి చోటిచ్చాడు. "మెల్లిగా" అని ఆవిడంటే, "ఊఁ, పట్టుకున్నాలే" అని ఆయన. ఒక్క నిమిషం క్రితం ఉప్పూ నిప్పూలా ఉన్నవాళ్ళు వీళ్ళేనా అని ముక్కున వేలేసుకోవాల్సిందే.

ఫోను మోగింది.

"చూశావా?" అంది పెద్దమ్మ.

"చూశాను."

"చూసింది నువ్వు చెప్పకు. అడుగు. వాళ్ళ నోటితోనే రానీ."

పిల్ల తేరుకుని మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంది. తండ్రి చెమట తుడుచుకున్నాడు. "చూశారుగా మేడమ్, ఇదీ వరస. మా పనిలో అయితే ఒకటే లెక్క. ఒక్క పార్టు పాడైతే బిల్డింగంతా ఆగిపోతుంది. ఆ పార్టు తీసి బయట పెట్టాలి. అంతే."

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దమ్మ చెప్పిన పాఠమంతా గాలికి పోయింది.

"పార్టా? కన్నకూతుర్ని పట్టుకుని పార్టంటారా? భార్య ఒక్క ముక్క మాట్లాడితే ఓర్చుకోలేరు, పిల్లని అసలు నోరే తెరవనివ్వరు. ఆ పిల్ల పడిపోక ఏం చేస్తుంది? ఆ ఇంట్లోంచి తీసి బయట పెట్టాల్సింది ఎవర్నో నేను చెప్పనా?"

"మాటలు జాగ్రత్త!" తండ్రి లేచి నిలబడ్డాడు. "నాలుగు పుస్తకాలు చదివి నాకు కాపురం నేర్పడానికొచ్చావా?"

"ఎవరో ఒకరు నేర్పాలిగా!"

ఫోను మోగుతోంది. చిటపట ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? ఆమెకి ఆ క్షణంలో ప్రాణం హాయిగా ఉంది. ఎన్నేళ్ళ నుంచో నోట్లో నానుతున్న మాటలవి. నిజానికి వాటిలో సగం ఆ లిఫ్టు మెకానిక్‌కి చెప్పాల్సినవి కూడా కావు.

అప్పుడు పిల్ల ఆమె వంక చూసింది. భయంగా కాదు. చంటిపిల్ల మెట్ల అంచుకి పాకుతుంటే పెద్దవాళ్ళు చూసే చూపు అది. చూసి, చెయ్యి చాచి చిటపట చేతిమీద వేసి, మళ్ళీ జారిపోయింది.

గొడవ టక్కున ఆగింది. తండ్రి నోరు మూతపడింది, చిటపట నోరూ మూతపడింది. ఎంత బాగా పనిచేసింది ఆ పడిపోవడం! ఫోను ఇంకా మోగుతూనే ఉంటే చిటపట ఎత్తింది.

"ఇంట్లో ఇద్దరు చాల్లేదని మూడో పెద్దదానివి నువ్వు తయారయ్యావా ఆ పిల్ల ప్రాణానికి?" పెద్దమ్మ గొంతు కూడా మండుతోంది. "ఇప్పుడది పడింది నీ కోసం. కోప్పడొద్దని నేననను. ఆ మనిషి మీద కాదు, అక్కడ జరుగుతున్నదాని మీద కోప్పడు."

చిటపటకి తల తీసేసినట్టయింది. కోపం పోయిందా అంటే, పోలేదు. మొదట తన మీదికే తిరిగింది. ఆమె నేల మీద పిల్ల పక్కనే చతికిలబడింది.

"చిన్నీ, ఇప్పుడు పడింది నా కోసం కదూ? నేనూ మీ నాన్నా ఎక్కడ కొట్టుకుంటామోనని?"

పిల్ల కళ్ళు తెరవకుండానే తలూపింది. తల్లి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

చిటపట తండ్రి వైపు తిరిగింది. "మిమ్మల్ని అలా అనకూడదు, తప్పు నాదే. మీ పని గురించి ఒక్క మాట అడుగుతాను, చెప్తారా?"

ఆయన ముఖం గంటు పెట్టుకుని, "అడగండి," అన్నాడు.

"లిఫ్టు తాడు తెగితే ఏమవుతుంది?"

"పడిపోతుందనుకుంటారు అందరూ. పడదు. కింద సేఫ్టీ ఉంటుంది. స్పీడు పెరిగిందంటే అదే పట్టాల్ని కరిచిపట్టుకుని లిఫ్టుని ఎక్కడిదక్కడ ఆపేస్తుంది."

"అప్పుడు బిల్డింగంతా ఆగిపోతుంది."

"ఆగిపోతుంది మరి."

"మరి ఆ సేఫ్టీని తీసి బయట పెట్టేస్తారా?"

"మీకేమన్నా పిచ్చా? అది ఆపబట్టే కదా మనుషులు బతికింది! ముందు తాడు సంగతి చూడా..."

ఆగిపోయాడు. పిల్ల వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు.

చిటపట లేచి మధ్య కుర్చీని ఈడ్చుకొచ్చి తన కుర్చీ పక్కన వేసింది. గది మూలనున్న పరుపు తెచ్చి కింద పరిచింది. "చిన్నీ, నీ చోటు ఇది. మీరిద్దరూ ఎదురెదురుగా జరగండి. ఇందాకటి గొడవ సగంలో ఆగింది. పూర్తి చేయండి. పిల్ల పడినా మీరు లేవద్దు, నేను చూసుకుంటాను."

"గొడవ పడమని చెప్పే డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నా," అని గొణుక్కుంటూనే ఆయన కుర్చీ జరిపాడు. పిల్ల లేచి తన కొత్త చోట్లో కూర్చుంది.

ఎదురెదురుగా కూర్చున్నారు గానీ మధ్యలో పిల్ల లేకపోయేసరికి ఇద్దరికీ చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి తల్లే నోరు విప్పింది.

"అది పడిపోయినప్పుడే మీరు నా పక్కన కూర్చుంటారు."

"నాకు పనుంటుంది కదా..."

"ఏం పని! ఇంటికి రావడం, చెప్పులు విప్పడం, గోడవైపు తిరిగి పడుకోవడం. నేను బతికున్నానో లేదో కూడా నీకు తెలీదు." ఎప్పుడూ లేనిది 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఆవిడ గమనించనే లేదు. "దాన్ని పంపేశాక ఆ ఇంట్లో నాతో ఏం మాట్లాడతావ్? లేదు, నాతో మాట్లాడక్కర్లేకుండానే దాన్ని పంపుతున్నావా? సోమవారం బండిలో అదెక్కితే నేనూ ఎక్కుతా. తిరిగి రాను."

"ఎక్కు! ఎవరాపారు?"

పిల్ల తూలడం మొదలుపెట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కసారే లేవబోయారు.

"కూర్చోండి!" అని అరిచింది చిటపట. ఈసారి ఫోను మోగలేదు. "చిన్నీ, పడాలంటే పడు, పరుపుంది. లేదూ, నోటితో చెప్పు. ఏదైనా నేను ఇక్కడే ఉంటాను."

పిల్ల కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆ గొంతు పగిలింది.

"నాకేమన్నా పడాలని సరదానా? మీ గొంతులు అలా అయ్యేసరికి నా కాళ్ళలో బలం పోతుంది! నేను పడితే మీరు బాగుంటారు. లేస్తే మళ్ళీ మామూలే. స్కూల్లో ఉన్నా ఇంట్లో మీరేం చేసుకుంటున్నారోననే భయం. నా మోచేతులు చూశారా, ఎలా కొట్టుకుపోయాయో? ఒక్కరోజన్నా అడిగారా నొప్పిగా ఉందా అని? ఇంకెన్నాళ్ళు పడాలి నేను? మీ కోసం పడి పడి చస్తుంటే చివరికి నన్నే పంపేస్తారా? సోమవారం బండొస్తే మీరిద్దరూ ఎక్కండి. ఆ హాస్టల్లో మీరుండండి. నాకు తాళాలిచ్చి పోండి, ఇంట్లో నేనుంటా!"

తండ్రి ఆ మోచేతుల వంకే చూస్తుండిపోయాడు. కమిలి, పొక్కులు కట్టి, పాత దెబ్బ మీద కొత్త దెబ్బ.

"బండి వద్దని చెప్పేస్తాను," అన్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళొద్దు."

"నాతో కాదు. అమ్మకి చెప్పాల్సింది అమ్మకి చెప్పు." పిల్ల లేచింది. కాళ్ళు వణుకుతున్నాయి గానీ నిలబడింది. "అక్కా, నేను బయట కూర్చుంటా. వీళ్ళ గొడవ నాకొద్దు."

బయటికి వెళ్ళి తలుపు వేసేసింది.

తల్లీ తండ్రీ కుర్చీల అంచులకి జరిగి, ఊపిరి బిగబట్టి, అవతల ధబ్బుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించారు. చప్పుడు రాలేదు. కాసేపటికి కుళాయి తిప్పిన శబ్దం, ఆ పిల్ల ముఖం కడుక్కుంటున్న శబ్దం వినిపించాయి. పట్టుకోవడానికి పిల్ల లేక, అందించడానికి రుమాలు లేక, ఆ ఇద్దరూ బిక్కముఖాలు వేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. తండ్రి తలుపు వైపు వెళ్దామని లేచాడు.

"కూర్చోండి," అంది చిటపట. "మీ గొడవ ఇంకా అవలేదు."