తీయని పాఠం

నేను ఒక కంప్యూటర్‌ను. పేరున్న కంపెనీ బిడ్డను కాను. కర్నూలులో ఒక చిన్న అంగడివాడు తలో చోటి నుంచి భాగాలు తెచ్చి నన్ను కూర్చాడు. విశ్వవిద్యాలయానికి వచ్చిన కొత్తలో పరీక్షల విభాగంలో పిల్లల మార్కులు మోశాను. తర్వాత ఒక అధికారి గదిలో చేరాను. ఆయన నాలో పేకాట ఆడుకునేవాడు. తలుపు చప్పుడైతే చాలు, నేను ఏదో గొప్ప పనిలో ఉన్నట్టు కనిపించాల్సి వచ్చేది. కొత్త యంత్రం రాగానే ఆయన నన్ను పోషకాహార శాఖకు దానం చేశాడు. ఆ దానానికి ఫొటో కూడా దిగాడు.

అక్కడ నన్ను అందుకున్న మనిషి డాక్టర్ ఓబులేశ్వరి. డిగ్రీ పిల్లలకు పోషకాహారం బోధించేది. ఆమెది ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ పొడిగింపు విశ్వవిద్యాలయ కాలేజీ ప్రిన్సిపాల్ వరదరాజులు చేతిలో ఉండేది.

అప్పట్లో పిల్లలు చదివే వెబ్ పాఠాలు ఎక్కడి నుంచో కొని తెచ్చినవి. వాటిలో కనిపించే చేపలు, ఆకుకూరలు ఈ సీమలో ఎవరి కంచంలోనూ పడవు. పిల్లలు అర్థమైనా కాకపోయినా బటన్లు నొక్కుకుంటూ పోయి, మార్కులు తెచ్చుకుని, హాస్టల్ మెస్సుకు పోయి నీళ్ల సాంబారు పోసుకునేవారు.

ఒకనాడు ల్యాబులో తస్లీమ్ అనే అమ్మాయి నిలబడ్డది నిలబడినట్టే కూలిపోయింది. ఓబులేశ్వరి ఆమెను ఒడిలోకి తీసుకుని ముఖం మీద నీళ్లు చల్లింది.

"పొద్దున ఏం తింటివే?"

"ఏమీ లేదు మేడం. టీ తాగినా."

"రాత్రి?"

"అన్నం, సాంబారు. సాంబార్లో ముక్క కనపడిన పొద్దు మాకు పండగే మేడం."

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఓబులేశ్వరి నవ్వలేదు. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే ఆ పిల్లకు రక్తం బాగా తక్కువగా ఉంది. ఐరన్ పాఠంలో తరగతికంతా మొదటి మార్కు ఆమెదే.

ఆ వారమే ఓబులేశ్వరి నా ముందు కూర్చుంది. వెబ్ పేజీ ఎలా చేస్తారో తనంతట తానే నేర్చుకుంది. నేను మధ్యలో ఆగిపోతే, "ఏమప్పా, నిద్రొచ్చిందా?" అని నా నెత్తిన తట్టేది. పిల్లలు తమ ఇళ్లలో తినే సంగటి, జొన్నరొట్టె, ఉలవచారు, చెనిక్కాయల చట్నీ ఫొటోలు తెచ్చారు. ప్రతి గరిటెనూ తూచారు. పేజీలో ఒక ఖాళీ కంచం ఉంటుంది. తిన్నవి అందులో వేస్తే, ఒంటికి కావలసిన ఐరన్‌లో, మాంసకృత్తుల్లో ఎంత అందిందో చూపుతూ పక్కనే గీత పైకి లేస్తుంది. పాఠం వినిపించే గొంతు తస్లీమ్‌ది. పేజీలన్నీ నాలోనే ఉండి, నా నెట్ వైరు గుండానే వెబ్‌లోకి పోయేవి. హాస్టల్లో సిగ్నల్ అందదు కాబట్టి పాఠాలన్నీ ఫోన్లలో దాచుకునేలా చేశారు.

చివరి పాఠం పేరు 'మన హాస్టల్ కంచం'. మెస్సులో పెట్టినవన్నీ పిల్లలు తూచి వేశారు. ఎన్ని వేసినా ఐరన్ గీత సగానికి కూడా లేవలేదు.

పాఠం వెబ్‌లోకి ఎక్కిన రెండో రోజే వరదరాజులు శాఖకు వచ్చాడు.

"ఏమ్మా, పాఠాలు చెయ్యమంటే కాలేజీ పరువు తీస్తా ఉండారే! ఆ పేజీ తీసెయ్యండి."

"లెక్క తప్పుంటే చూపించండి సార్. ఇప్పుడే దిద్దుతా."

"లెక్క సంగతి కాదమ్మా నేను చెప్పేది."

"పాఠమంటే ఆ లెక్కే సార్. తప్పు లేనిదాన్ని ఏంటికి తియ్యాల?"

"వచ్చే ఏడు ఈ కుర్చీలో మీరే ఉండాలని రూలేం లేదు."

ఆమె మౌస్ వదిలి ఆయన వైపు తిరిగింది.

"లేకుంటే పోనీండి సార్. బిడ్డలు కండ్లు తిరిగి పడిపోతా ఉంటే, వాళ్లకే రక్తహీనత మీద పరీక్ష పెట్టి మార్కులు వేసేది నాతో కాదు."

ఆయన వంగి నా నెట్ వైరు పీకేశాడు. పేజీ వెబ్ నుంచి మాయమైంది.

మరునాడు మెస్సులో పిల్లలు కంచాల పక్కన ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి ఫోన్లోనూ తస్లీమ్ గొంతే. అక్కడి నుంచి పాఠం మగపిల్లల హాస్టల్‌కూ, ఇతర కాలేజీలకూ పాకింది. తల్లిదండ్రులు విన్నారు. చివరికి విశ్వవిద్యాలయం ఒక కమిటీని పంపింది. కమిటీ పెద్దలు అదే మెస్సులో భోజనానికి కూర్చుని, రెండో ముద్దకే ఊరగాయ అడిగారు.

నెల తిరగకుండా గుడ్డు, ఉలవచారు, ఆకుకూర పప్పు వచ్చాయి. ఇదంతా తన ఆలోచనే అని వరదరాజులు మైకులో చెప్పాడు. ఓబులేశ్వరికి మాత్రం పొడిగింపు రాలేదు. ఆమె నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. చేరగానే అక్కడి హాస్టల్ గరిటెలు తూచడం మొదలుపెట్టిందట.

మొన్న నన్ను పాత సామాను కింద వేయడానికి ముందు, లోపలున్నదంతా చెరపడానికి ఒకతను వచ్చాడు. అనుభవ ధ్రువపత్రం కోసం వచ్చిన ఓబులేశ్వరి గుమ్మంలో ఆగింది.

"మేడం, మీ పాఠాలు ఇందులోనే ఉండాయంట. చెరిపేయమన్నారు."

"చెరుపు నాయనా," అంది ఆమె నవ్వుతూ. "అవి ఇప్పుడు ఎందరి దగ్గర ఉండాయో నాకే తెలీదు. చెరపమన్నవాళ్లకేం తెలుస్తుంది?"

అతను మీట నొక్కాడు. నేను అడ్డం చెప్పలేదు.