ఇటు నుంచి అటే

సోమవారం తొమ్మిదిన్నరకల్లా ఆవిడ సర్వర్ గది పక్కన బల్ల ముందు కూర్చుని, తెర మీది అంకెను కాగితం మీద దించుకుంటోంది. ఆసుపత్రి రోగుల వివరాలన్నీ ఇక్కడి యంత్రంలో పడతాయి. పడ్డ మరుక్షణం మూడొందల కిలోమీటర్ల అవతలి ఊళ్లో ఇంకో యంత్రం వాటిని పొల్లుపోకుండా ఎక్కించుకుంటుంది. ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడ బతికుంటాయని ఏర్పాటు. ఇక్కడ దిద్దితే అక్కడా దిద్దుకుంటుంది, ఇక్కడ కొట్టేస్తే అక్కడా పోతుంది. అక్కడినుంచి ఇటు మాత్రం ఏమీ రాదు.

రెండుచోట్లా లెక్క ఒకటేనా అని పొద్దున్నే ఫోన్లో సరిచూసుకోవడం ఆవిడ పని. పదకొండేళ్లుగా అవతల ఫోనెత్తేది ఒకాయనే. మనిషిని చూసింది లేదు. ఆయన "సరిపోయిందండీ" అనడమే ఆలస్యం, ఈవిడ మొదలుపెట్టేది: అమ్మ మోకాళ్లు, కారే కుళాయి, ఇంటి ఓనరు కూతురి సంగీతం. అబ్బ, ఏం వాగుడో! ఇంట్లో వినే దిక్కు లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? అమ్మ పోయినప్పుడు కూడా ముందు చెప్పింది ఆయనకే. ఆయన "ఊఁ" కొట్టేవాడు. ఒకసారి మాత్రం, "మీరు చెప్పండి, నేను ఎక్కించుకుంటాను" అని నవ్వాడు.

రేపటినుంచి యంత్రాలే సరిచూసుకుంటాయట. ఫోనక్కర్లేదు. అందుకే ఇవాళ ఆయన సొంత నంబరు అడిగెయ్యాలి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ ఒక్కమాటని వారం రోజులుగా నానబెట్టింది. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా సిగ్గేమిటి!

ఫోనెత్తింది ఎవరో ఆడమనిషి.

"సార్ లేరా?"

"పోయారండీ. మొన్న శనివారం సాయంత్రం, కుర్చీలోనే. గుండె ఆగిపోయిందన్నారు. మీకెవరూ చెప్పలేదా?"

ఆవిడ తెర వంక చూసింది. అటు చేరడంలో ఆలస్యం సున్నా సెకన్లు అని ఉంది. ఆదివారమంతా ఇక్కడ చేరిన ప్రతి రోగీ అక్కడా చేరాడు.

"లెక్క సరిపోయిందండీ," అంది అవతలి గొంతు. కాస్త తటపటాయించి, "ఆయనకెవరున్నారో మీకేమైనా తెలుసా? ఇక్కడెవరితోనూ మాట్లాడేవారు కాదు. మీతోనే రోజూ అరగంట మాట్లాడేవారట కదా?"

మాట్లాడింది తనే కదా! పెళ్లయిందా, పిల్లలున్నారా, ఒంట్లో బాగుందా అని ఒక్కనాడైనా అడిగిందా? పదకొండేళ్లలో ఆయన కబురు ఒక్కటీ ఇటు రాలేదు, తను రానిస్తేగా. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలీదమ్మా," అంది. "అడగలేదు."

"ఆయన కళ్లజోడు ఇక్కడే ఉండిపోయిందండీ. కాడ విరిగితే దారం చుట్టుకున్నారు. మీకు పంపమంటారా? ఇంతకీ మీరాయనకేమవుతారు?"

అవతల ఆ అమ్మాయి రెండుసార్లు "హలో" అంది. ఏమీ కానని ఎలా చెప్పడం? ఏమవుతానని చెప్పడం? ఆవిడ కళ్లు తుడుచుకుని మెల్లగా ఫోను పెట్టేసింది.

అవతలి ఊళ్లో, ఎత్తే పని లేని ఫోను పక్కన, దారం చుట్టిన కళ్లజోడు అలాగే ఉండిపోయింది.